యూటర్న్‌లో కారు బిగుసుకుపోతోందా? ట్రాన్స్‌ఫర్ కేసు విప్పే ముందు టైర్లు కొలిపించండి

మీరు మూడు సంగతులు రాశారు. మెల్లగా యూటర్న్ తీసుకుంటుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు కారు బిగుసుకుపోతోంది. 50 దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే వణుకు వస్తోంది. ఒక్కసారి మీటరులో డ్రైవ్‌ట్రెయిన్ (ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే భాగాలు) హెచ్చరిక కూడా వెలిగింది. గుంటూరులో చూపిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె, మార్చాలన్నారు, నాలుగు లక్షలు దాటుతుందన్నారు. ఇప్పుడే ఒప్పుకోకండి. రెండేళ్ల క్రితం విజయవాడలో నాకూ ఇదే మాట చెప్పారు, లెక్క కూడా ఇంచుమించు అంతే.

నాది మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్. నాలుగు టైర్లూ ఒకే సైజు. గొల్లపూడి దాటాక ఇనుప ముక్క తగిలి ముందు టైరు పక్కభాగం చీలిపోయింది. ముందు రెండూ కొత్తవి వేయించి, వెనకవి ఇంకొన్నాళ్లు వస్తాయిలే అని ఊరుకున్నాను. కారుకు అన్ని లక్షలు పోసి రెండు టైర్ల దగ్గర పిసినారితనం! పైగా కొత్తవి వేరే కంపెనీవి. మూడు వారాలు తిరిగేసరికి బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద యూటర్న్‌లో కారు మొరాయించడం మొదలైంది.

ఎందుకలా అవుతుందంటే, మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద వంపులో తిరుగుతాయి. కాబట్టి ముందు చక్రాలను తిప్పే షాఫ్ట్ కాస్త వేగంగా తిరగాలి. ఇంజిన్ కారు పొడవునా ఉండే చాలా కార్లలో ఆ తేడాకు చోటిచ్చేది ట్రాన్స్‌ఫర్ కేసులోని పలకల క్లచ్. అవసరమైనంతే బిగుస్తుంది, అక్కర్లేనప్పుడు వదులుతుంది. టైర్ల చుట్టుకొలతలు వేరైతే తిన్నని రోడ్డు మీద కూడా ఆ పలకలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూనే ఉంటాయి. నూనె కాగిపోతుంది, క్లచ్ జారడానికి బదులు పట్టేస్తుంది. ఆ పట్టే మీ యూటర్న్‌లో తెలుస్తోంది, ఆ వణుకూ చాలావరకు దానిదే.

వర్క్‌షాపు మాట మీద నమ్మకం కుదరక ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరకు వెళ్లాను. నేను స్కానర్ గురించి అడుగుతుంటే ఆయన జేబులోంచి సుద్దముక్క తీశారు. “బాబూ, ముందు టైర్లు చూద్దాం, పెట్టె సంగతి తర్వాత.” గాలి నాలుగింటికీ సమానం చేసి, ఒకే పక్కనున్న ముందు, వెనక టైర్ల మీద నేలకు ఆనిన చోట గీత గీశారు. న్యూట్రల్‌లో ఇద్దరు కుర్రాళ్లు యార్డు పొడవునా కారును తిన్నగా తోశారు. ముందు టైరు సరిగ్గా పది చుట్లు తిరిగి దాని గీత నేలను తాకగానే ఆపమన్నారు. వెనక గీత అప్పటికే నేలను దాటి జానెడు పైకి లేచి ఉంది. జానెడంటే చిన్నదేమీ కాదు. నా టైరు ఒక చుట్టుకు రెండు మీటర్లకు పైచిలుకు, పది చుట్లంటే ఇరవై మీటర్లు, అందులో జానెడంటే ఒక శాతం. అంటే కారు కదిలినంతసేపూ ఆ క్లచ్ ఒక శాతం తేడాను మింగుతూనే ఉంది.

కొత్త టైరు గాడి లోతు సాధారణంగా 8 మిల్లీమీటర్లు, నా వెనకవి 3 దగ్గర ఉన్నాయి. ఎంత తేడా వరకు ఫరవాలేదన్నది కారును బట్టి మారుతుంది, మాన్యువల్‌లో చూడండి.

టైర్లు నాలుగూ మార్చాక వణుకు సగానికి పైగా తగ్గింది. పూర్తిగా పోలేదు. ట్రాన్స్‌ఫర్ కేసు నూనె దించితే నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. పట్టేది లీటరు లోపే, కానీ కంపెనీ చెప్పిన రకమే పోయాలి, గేర్‌బాక్సు నూనె పోస్తే మొదటికే మోసం. నూనె మార్చాక స్కానర్‌తో క్లచ్ అరుగుదల విలువను కారు కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాల్సిన కార్లున్నాయి, నాదీ అలాంటిదే. ఆ తర్వాత వణుకు మళ్లీ రాలేదు.

మీ ఇబ్బంది కూడా కచ్చితంగా ఇదేనని నేననను. ఆ డ్రైవ్‌ట్రెయిన్ హెచ్చరిక పేరు చూసి గేర్ల పెట్టె అనుకోకండి. కొన్ని కార్లలో స్పార్క్ ప్లగ్గో, కాయిలో దెబ్బతిని సిలిండర్ మండకపోయినా అదే వస్తుంది. అందుకే ఇంజిన్ ఒక్కటే కాక కారులోని అన్ని మాడ్యూళ్ల (చిన్న కంప్యూటర్ల) లోపాల కోడ్లూ చదివించండి. సిలిండర్ సరిగ్గా మండలేదని చెప్పే P0300 నుంచి P0306 వరకు కోడ్లలో ఏదైనా కనిపిస్తే ముందు ప్లగ్గులు చూడండి.

కాజ టోల్‌గేటు వైపు ఉదయాన్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మరో పరీక్ష చేయవచ్చు. వేగం అదే ఉంచి గేరు మార్చండి. వణుకు మారకుండా ఉంటే గేర్‌బాక్సు తర్వాత ఉన్నవాటిని అనుమానించాలి: ప్రొపెల్లర్ షాఫ్ట్, చక్రాలు, బేరింగులు. ఇంజిన్ చుట్లతో పాటు మారితే ఇంజిన్ వైపు చూడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటక శబ్దం వస్తే బయటి సీవీ జాయింటును (చక్రం తిరిగినా శక్తిని అందించే కీలును) అనుమానించాలి.

ఇంజిన్ అడ్డంగా ఉండే కారైతే ఈ కథ వేరు. హాల్డెక్స్ అనే రకం క్లచ్ వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్లు) దగ్గర ఉంటుంది. దాని పంపు జల్లెడ మూసుకుపోతే బిగుసుకోవడం కన్నా, తడి నేల మీద ముందు చక్రాలే గిర్రున తిరగడం కనిపిస్తుంది.

కారు దారిలో ఆగిపోతే రెండు చక్రాలు పైకెత్తి లాక్కుపోయే బండిని రానివ్వకండి. నేలను తాకిన చక్రాలు తిరుగుతుంటే లోపలి క్లచ్ పాడవుతుంది. నాలుగు చక్రాలూ ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని ఫోనులోనే గట్టిగా చెప్పండి.

కోడ్లు చదివించాక వాటిని ఇక్కడే రాయండి. వాటితో పాటు ఒక్కో టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు కూడా. మొదటి రెండు అంకెలు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగు టైర్లకూ అవి ఒకటేనా, కాదా?