12 రోజుల డబ్బు, ఆరు టోపీలు

ప్రశ్న: మాది విజయవాడ. నాలుగేళ్లుగా ఫ్లోరిడాలోని టాంపాలో హెచ్‌1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్‌4, ఉద్యోగం లేదు. మూడేళ్ల పాప ఉంది. చేతికి వచ్చే జీతం నెలకు 5,900 డాలర్లు, ఇంటి ఖర్చులు 4,900. ఇక్కడ జరిగే గాస్పరిల్లా ఊరేగింపు చూశాక 1720 నాటి సముద్రపు దొంగల వేషధారణపై మక్కువ కలిగింది. ఆనాటి దొంగల నాయకుడు బార్తలోమ్యూ రాబర్ట్స్ నౌకలోని మనుషుల జీవితాన్ని ప్రదర్శించే ఒక బృందంలో చేరాను. కొత్తవి కొనను. అన్నీ వాడిన సామాను అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలోనూ, ఇళ్ల దగ్గర పాత సామాను అమ్మే గరాజ్ సేల్స్‌లోనూ చవకగా ఏరుకున్నవే. నాలుగు డాలర్ల నార బల్లగుడ్డతో చొక్కా కుట్టుకున్నాను. ఆరు ఫెల్ట్ టోపీలు, 11 తోలు బెల్టులు, నాలుగు ఉన్ని కోట్లు పోగయ్యాయి. క్రెడిట్ కార్డుపై 4,200 డాలర్ల బాకీ ఉంది. వడ్డీ 27 శాతం, నెలకు 140 కడుతున్నాను. పొదుపు ఖాతాలో 1,900 ఉన్నాయి. పదవీ విరమణ కోసం దాచుకునే 401కె ఖాతా నుంచి 6,000 అప్పు తీసుకుని కార్డు బాకీ తీర్చి, మిగిలిన 1,800తో చేత్తో కుట్టిన కోటు, చెకుముకి పిస్తోలు నమూనా కొందామనుకుంటున్నాను. థ్రిఫ్ట్ స్టోర్లలో కొన్న వస్తువులను ఆన్‌లైన్‌లో లాభానికి అమ్మి ఆ అప్పు తీరుస్తాను. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదు. 401కెని ముట్టుకోకండి. కోటు, పిస్తోలు ఇప్పుడు వద్దు. కొని అమ్మే ఆలోచన మీ వీసాకే ముప్పు తేవచ్చు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. ఒకరు పాత కెమెరాల గురించి రాస్తారు, మరొకరు వంటగది సామాను గురించి. మూలం మాత్రం ఒకటే. తక్కువ ధరకు కొన్నాం కాబట్టి డబ్బు మిగిల్చామని అనుకోవడం. మీ ఉత్తరంలో ఆ పొరపాటు పూర్తిగా కనిపిస్తోంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు ఇచ్చిన లెక్కనే మళ్లీ చూడండి. జీతం 5,900, ఖర్చులు 4,900, కార్డుకు 140. ఇంకా 860 డాలర్లు మిగలాలి. అది ఎక్కడుంది? ఏడాదికి 10,320 డాలర్లు. ఆ సొమ్ము మీ ఖాతాలో లేదు, పైగా కార్డుపై బాకీ ఉంది. నాలుగు డాలర్లు, ఆరు డాలర్లు, పన్నెండు డాలర్లు అంటూ పోయింది. అంత చిన్న ఖర్చు కాబట్టి ఎక్కడా రాసుకోలేదు. చాలా థ్రిఫ్ట్ స్టోర్లలో వారానికో రంగు చీటీ ఉన్న వస్తువులను సగం ధరకు ఇస్తారు. ఈ వారం కొనకపోతే పోతుందన్న తొందర పుట్టేది అక్కడే. వంద డాలర్ల కోటు కొనేముందు ఇంట్లో చర్చించుకునే మనిషి, ఐదు డాలర్ల కోటు దగ్గర అసలు ఆగడు.

మీ అభిరుచిని తప్పు పట్టడం లేదు. నిజానికి మీరు ఎంచుకున్న దారి ఆ కాలానికి తగినదే. 18వ శతాబ్దపు నౌకల్లో ఒక నావికుడు చనిపోతే అతని బట్టలను తెరచాప కొయ్య దగ్గర తోటివారికి వేలం వేసేవారు. పాత బట్ట తొడగడం వారికి మామూలు సంగతి. బల్లగుడ్డతో చొక్కా కుట్టుకున్నారంటే మీ చేతిలో పనితనం ఉంది. మిగిలిన వాటికీ అదే దారి చూడండి. ఆడవాళ్ల వదులు నార ప్యాంటును మోకాలి కింద కత్తిరిస్తే నావికుల పొట్టి లాగు అవుతుంది. ఒక పాత బ్లేజర్ ఇత్తడి గుండీలు ఇస్తుంది. ఫెల్ట్ టోపీని ఆవిరి పట్టి మూడు వైపులా మడిచి కుట్టవచ్చు. అందుకు ఒక్క టోపీ చాలు. మిగిలిన ఐదు ఎందుకు?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. దేనితో నేసిందో చెప్పే చీటీ లేని గుడ్డ దొరికితే అంచు నుంచి ఒక దారం లాగి, ఇంటి బయట కాల్చి చూడండి. నార, నూలు మెత్తని బూడిద అవుతాయి. ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. తుపాకి మందు పేల్చే ప్రదర్శనల్లో నిప్పురవ్వలు మీద పడతాయి. కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటుంది. ఎంత చవకగా దొరికినా అది కొనకండి.

ఇక అసలు సంగతి. నెలకు 4,900 ఖర్చయ్యే ఇంటికి 1,900 అంటే 12 రోజుల డబ్బు. హెచ్‌1బీపై ఉన్నవారి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండడానికి సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీ అనుమతి పత్రంలోని తేదీ అంతకంటే ముందు ముగిస్తే అప్పటి వరకే. ఆ 60 రోజుల్లో కొత్త యజమాని మీ తరఫున దరఖాస్తు వేయాలి, లేదా మీరు వీసా హోదా మార్చుకోవాలి, లేదా బయలుదేరాలి. అద్దె ఆగదు, కారు వాయిదా ఆగదు. చాలా కంపెనీల్లో ఆరోగ్య బీమా ఉద్యోగం పోయిన నెలాఖరుతోనో, అంతకు ముందే కూడానో ఆగిపోతుంది. కోబ్రా అనే చట్టం కింద అదే బీమాను సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కానీ అప్పటిదాకా కంపెనీ భరించిన వాటా కూడా మీరే కట్టాలి. మొత్తం ప్రీమియంలో 102 శాతం వరకు అడగవచ్చు. మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో బీమా వదిలేసి రోజులు లెక్కపెట్టలేరు కదా.

2022 చివర్లో, 2023 మొదట్లో ఉద్యోగాల కోత మొదలైనప్పుడు నాతో మాట్లాడిన కుటుంబాల్లో జీతం తక్కువగా ఉన్నవారి కంటే నిధి లేనివారే ఎక్కువ నలిగిపోయారు. నిధి ఉన్నవాళ్లు 60 రోజులూ ఉద్యోగం వెతికారు. లేనివాళ్లు మొదటి రెండు వారాలు అప్పు ఇచ్చేవారిని వెతికారు. అందుకే అడిగినా అడగకపోయినా అందరికీ అత్యవసర నిధి గురించి చెబుతాను. మీకు కావలసిన మొదటి మెట్టు రెండు నెలల ఖర్చు, అంటే 9,800 డాలర్లు. దానిపైన ముగ్గురికి విమాన టికెట్ల సొమ్ము. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు, 29,400. దీన్ని షేర్లలో పెట్టవద్దు. ఎఫ్‌డీఐసీ (ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ) బీమా ఉన్న బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచండి.

మీరు ప్రదర్శించే రాబర్ట్స్ మనుషులు ఈ విషయం మీకంటే బాగా గ్రహించారు. వారి ఒప్పందంలో ఒక నియమం ఉంది. పనిలో అవయవం పోగొట్టుకున్నవాడికి ఉమ్మడి సొమ్ము నుంచి 800 డాలర్లు ఇవ్వాలి. అవి ఆనాటి స్పానిష్ వెండి నాణేలు. చిన్న గాయాలకు ఆ మేరకు తగ్గించి ఇవ్వాలి. ఎప్పుడు చనిపోతారో తెలియని మనుషులు కూడా రేపటి గాయానికి లెక్క రాసుకున్నారు. ఆ వేషం అంత శ్రద్ధగా కడుతున్న మీరు ఈ నియమాన్నీ ఇంట్లో అమలు చేయండి.

401కె అప్పు విషయంలో నాకు ఓపిక లేదు. మీ డబ్బే కదా, వడ్డీ కూడా మీకే వస్తుంది కదా అని అందరూ చెబుతారు. ఉద్యోగం పోతే ఏమవుతుందో చెప్పరు. మిగిలిన బాకీని సాధారణంగా ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తిరిగి జమ చేయాలి. చేయలేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. వయసు 59న్నర దాటకపోతే సాధారణంగా మరో 10 శాతం అదనం. అంటే జీతం ఆగిపోయిన ఏడాదే ఈ భారం కూడా మీద పడుతుంది. పైగా మీరు తీసుకునే 6,000లో 1,800 బాకీ తీర్చడానికి కాదు, మళ్లీ కొనడానికి. అప్పుతో అప్పు తీర్చి, అదే అప్పుతో కోటు కొంటే కార్డు ఆరు నెలల్లో మళ్లీ నిండుతుంది.

కొని అమ్మడం గురించి. మీరు వాడిన టోపీని అమ్ముకోవడం వేరు, లాభం కోసం వరసగా కొని అమ్మడం వేరు. రెండోదాన్ని అనుమతి లేని పనిగా లెక్కించే ప్రమాదం ఉంది. అది మీకూ, పని అనుమతి లేకపోతే హెచ్‌4పై ఉన్న మీ భార్యకూ వర్తిస్తుంది. ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఒక్క వస్తువు కూడా అమ్మకం కోసం కొనకండి. 200 డాలర్ల లాభానికి ఉద్యోగ హోదాను పణంగా పెట్టడం నేను ఒప్పుకోలేను.

కార్డు లెక్క ఇదీ. ఇప్పుడు 4,200పై మొదటి నెల వడ్డీయే 94.50. 140 కడితే అసలు 45.50 మాత్రమే తగ్గుతుంది. ఇలాగే సాగితే తీరడానికి 51 నెలలు పడుతుంది, కట్టే మొత్తం 7,000 దాటుతుంది. అదే నెలకు 660 కడితే ఏడు నెలల్లో తీరిపోతుంది. మిగిలే 1,000లో 660 కార్డుకు, 300 నిధికి, 40 మీ అభిరుచికి. ఆ 40ని నోటుగా తీసి జేబులో పెట్టుకోండి, కార్డును ఇంట్లో వదిలి దుకాణానికి వెళ్లండి. ఏడు నెలల తర్వాత నిధిలో 4,000 ఉంటాయి. ఆపై నెలకు 960 చొప్పున ఆరు నెలలు వేస్తే దాదాపు 9,760. అదనంగా పడి ఉన్న ఐదు టోపీలు, పది బెల్టులు అమ్మి వచ్చిన సొమ్ముతో ఆ 40 డాలర్ల తేడా నిండుతుంది. మొదట్లో వడ్డీ లేకుండా బాకీ మార్చుకునే కార్డులు ఉన్నాయి. రుసుము లెక్క చూసుకుని, పాత కార్డు వాడకం ఆపగలిగితేనే ఆలోచించండి.

టర్మ్ బీమా కంపెనీ ఇచ్చినదే అయితే అది ఉద్యోగంతోనే పోతుంది. విడిగా ఒకటి తీసుకోండి. అద్దె ఇంట్లోని సామానుకు తీసుకునే బీమా పాలసీ కూడా తీసి చదవండి. సాధారణ పాలసీలో వరద నష్టం ఉండదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చినప్పుడు టాంపా బే తీరంలో సముద్రపు నీరు ఇళ్లలోకి చేరింది, రెండు వారాల్లోనే మిల్టన్ వచ్చింది. ప్రభుత్వ వరద బీమాకు సాధారణంగా 30 రోజుల నిరీక్షణ ఉంటుంది కాబట్టి తుపాను వార్త వచ్చాక కొని లాభం లేదు. మీ ఇల్లు కింది అంతస్తులో ఉంటే ఈ వారమే అడగండి.

గాస్పరిల్లా ఊరేగింపు జనవరి చివర్లో. మీ బృందంతో తప్పకుండా వెళ్లండి. నార చొక్కా, ఉన్న కోట్లలో బాగున్నది ఒకటి, ఒక టోపీ చాలు. చేత్తో కుట్టిన కోటు గురించి 14వ నెలలో, నిధి ఖాతా నిల్వతో సహా, నాకు మళ్లీ రాయండి.