కాలు కదలని నెలకు డబ్బు లేకుండా రెండో బ్రాంచి ఎందుకు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. రాజమండ్రిలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. షాపు ఖర్చులు పోను నెలకు 55 వేలు మిగులుతుంది. అందులో ఇంటికి 30 వేలు, 5 లక్షల చీటీకి 25 వేలు. 20 నెలల చీటీలో 11 అయ్యాయి. ఇప్పుడు పాడితే 60 వేలు పోతుంది. కరెంట్ అకౌంట్‌లో 70 వేలు, ఇంట్లో 100 గ్రాముల బంగారం ఉన్నాయి. బీపీ ఉంది. హెర్నియాకు ఆపరేషన్ చేయించుకోమన్నారు, 80 వేలు అవుతుందట. కోటిపల్లి బస్టాండ్ దగ్గర షాపు దొరికింది. డైలీ ఫైనాన్స్‌లో 3 లక్షలు తీసుకుని రెండో బ్రాంచి పెట్టి, ఈలోగా హెల్త్ పాలసీ కట్టి నెల దాటాక ఆపరేషన్ చేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. రెండూ వద్దు.

ముందు డైలీ ఫైనాన్స్ సంగతి. 3 లక్షలని రాసుకుని పది శాతం ముందే కోసి 2.70 లక్షలు చేతిలో పెడతారు. రోజుకు 3 వేల చొప్పున వంద రోజులు కట్టాలి. అసలు రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది 1.35 లక్షలే. దానిమీద వంద రోజులకు 30 వేలంటే ఏడాదికి 80 శాతం వడ్డీ. నడిచే షాపు మీకు రోజుకు మిగులుస్తున్నది 1,833 రూపాయలు. ఇంకా తెరవని షాపు రోజూ 3 వేలు ఎక్కడి నుంచి తెస్తుంది? మీరు ఆసుపత్రి మంచం మీద ఉన్నా సాయంత్రానికి కలెక్షన్ కుర్రాడు వస్తాడు. ఈ అప్పు తీసుకుని వ్యాపారం పెంచుదామనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక పాలసీ. నెల దాటితే చాలనుకోవడం అందరూ చేసే పొరపాటే. ఆ 30 రోజులు కొత్తగా వచ్చే జబ్బులకు. హెర్నియా, పైల్స్, కిడ్నీలో రాళ్లు లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. పైగా మీకు డాక్టర్ ఇప్పటికే చెప్పేశారు. ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు ఆపే హక్కు కంపెనీకి ఉంది. చెప్పకుండా దాచితే? డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఆరు నెలలుగా వాపు’ అని డాక్టరే రాస్తారు. క్లెయిమ్ ఫైలులో మొదట చూసేది ఆ వరుసే. క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు.

కాబట్టి ఈ ఆపరేషన్ ఖర్చు మీదే. రైస్ కార్డు ఉంటే మాత్రం ముందు ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లి, అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను మీ కేసుకు వర్తిస్తుందేమో అడగండి.

మీరు లెక్క వేయనిది 80 వేలు కాదు, ఆ తర్వాతి వారాలు. బరువులు ఎత్తొద్దని మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు చెబుతారు. పిండి నిండిన స్టీలు డబ్బాను గ్రైండర్ దగ్గర నుంచి పొయ్యి గట్టు మీదికి ఎత్తేది మీరే అయితే, ఆ ఆరు వారాలూ షాపు మూసినట్టే. అద్దె ఆగదు. దోసె మాస్టర్‌కు జీతం ఆపితే వారంలో పక్క హోటల్లో తేలతాడు. మీ ఊళ్లో మీ సైజు షాపుకు అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు, ఫ్రిజ్ కిస్తీ కలిపి 64 వేలు అనుకుందాం. మీ అసలు అంకె వేసుకోండి. ఇల్లు 30, చీటీ 25 కలిస్తే నెలకు 1.19 లక్షలు. నెలన్నరకు 1.78 లక్షలు, ఆపరేషన్‌తో 2.58 లక్షలు. కరెంట్ అకౌంట్‌లోని 70 వేలలో సరుకులకు తిరిగే పాతిక వేలు తీసేస్తే మిగిలేది 45 వేలు. తక్కువ పడేది సుమారు 2.15 లక్షలు.

దానికి చీటీ పాడొద్దు. బ్యాంకులో బంగారం పెట్టండి, మొత్తం కాదు, సరిపడినంతే. పది శాతం వడ్డీ అనుకున్నా తొమ్మిది నెలలకు 16 వేలు. పాటలో పోయేది 60 వేలు. చీటీ చివర్లో ఎత్తుకుంటే కమిషన్ ఐదు శాతం పోయినా 4.75 లక్షలు వస్తాయి. బంగారం విడిపించాక దాదాపు 2.44 లక్షలు మిగులుతాయి.

ఆ 2.44 లక్షలే మీ అత్యవసర నిధికి పునాది. జీతగాడికి ఆరు నెలల ఇంటి ఖర్చు చాలు. షాపున్నవాళ్లకు దానిమీద మూడు నెలల షాపు ఖర్చు కూడా కావాలి: 1.80, 1.92 కలిపి 3.72 లక్షలు. చీటీ అయ్యాక ఆ పాతిక వేలనే నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఐదారు నెలల్లో నిండుతుంది. కరెంట్ అకౌంట్‌లో ఉంచకండి, పప్పు రేటు తగ్గిందని బస్తాలు దింపేస్తారు. మీ భార్య పేరున వేరే సేవింగ్స్ ఖాతా తీసి స్వీప్ డిపాజిట్ (ఖాతాలో ఎక్కువైన డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లేది) పెట్టండి.

నిధి మీద ఇంత పట్టు ఎందుకంటే, హెల్త్ పాలసీ ఆసుపత్రికి కడుతుంది, షాపు అద్దె కట్టదు. వ్యక్తిగత ప్రమాద బీమాలో వారానికి ఇంత అని ఇచ్చే కవర్ ఉంటుంది. నూనె ఒలికి కాలినా, తడి గచ్చు మీద జారిపడినా పనికొస్తుంది. తీసుకోండి. కానీ టైఫాయిడ్‌కూ హెర్నియాకూ అది రాదు.

కుటుంబానికి 10 లక్షల ఫ్లోటర్‌కు (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ఇప్పుడే అప్లై చేయండి, బీపీ, హెర్నియా రెండూ రాసి. ఆపరేషన్ అయ్యాక రమ్మని కంపెనీ అంటే అప్పుడు వెళ్లండి. గది అద్దె మీద పరిమితి లేనిదే చూడండి. పరిమితి దాటిన గదిలో చేరితే అద్దెతో పాటు డాక్టర్ ఫీజూ అదే నిష్పత్తిలో కోస్తారు. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. టర్మ్ పాలసీ (మీరు పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే తీసుకోండి. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు తర్వాత.

ఆపరేషన్ వాయిదా వేయొద్దు. ఈలోగా పిండి డబ్బా ఇద్దరు పట్టాలి, లేదా చిన్న డబ్బాల్లోకి వంపుకోవాలి. గజ్జలో ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి, వాంతులు మొదలైతే షాపు ఎలా ఉంటే అలా వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి. పేగు ఇరుక్కుంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. బీపీ మాత్ర హడావుడిలో మానేస్తే ఆపరేషన్ రోజే ఎక్కువ చూపించి వాయిదా వేస్తారు, అప్పుడు మాస్టర్‌తో మాట్లాడుకున్న ఏర్పాట్లన్నీ మళ్లీ మొదటికే. ఆ ఆరు వారాలూ దోసె ఆపి ఇడ్లీ, గారె మాత్రం పెట్టి, మీరు గల్లాలో కూర్చోగలిగితే పైన వేసిన లెక్క కొంత తగ్గుతుంది.

కోటిపల్లి బస్టాండ్ షాపుకు అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే కొంత పోయినా వెనక్కి తీసుకోండి. నిధి నిండాక, అంటే ఏడాది పైన, ఆ సెంటర్లో మరో షాపు ఖాళీ అవుతుంది.