పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అన్నం పొట్లంతో కరపత్రం కూడా ఇవ్వాలా?

ప్రశ్న: మా సంఘం చెన్నై వ్యాసర్పాడిలో ఉంది. వానాకాలంలో చుట్టుపక్కల వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడల్లా మా యౌవనస్థులు అన్నం పొట్లాలు కట్టి పంచుతారు. ఈసారి సంఘ పెద్దలలో ఇద్దరు ప్రతి పొట్లంతోనూ సువార్త కరపత్రం ఇవ్వాలని, పంచే ముందు వరుసలో ఉన్నవారందరిచేత ప్రార్థన చేయించాలని పట్టుబడుతున్నారు. "లేకపోతే మనకూ పార్టీలవాళ్లకూ తేడా ఏముంది?" అన్నది వారి వాదన. పిల్లలకు మాత్రం అందుకు మనసొప్పడం లేదు. ఎవరి మాట సరైనది? – ఒక సంఘ కార్యదర్శి

జవాబు: మీ పెద్దల మాట వెనుక ఉన్న ఆరాటాన్ని నేను తీసిపారేయను. క్రీస్తు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి, చేసే మేలును ఉత్త సంఘసేవగా మార్చుకున్నవారూ మనలో ఉన్నారు. కాని వారు సూచించిన మార్గంలో వెళ్తే పార్టీలవాళ్లకు మనం దూరం కాకపోగా మరింత దగ్గరవుతాం. 2015 డిసెంబరు వరదల్లో సహాయ సామగ్రి మీద నాయకుల బొమ్మలున్న స్టిక్కర్లు అంటించారని ఎంత గొడవ జరిగిందో ఈ ఊరివారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. అప్పుడు జనానికి కష్టం కలిగించింది స్టిక్కరు మీద ఎవరి బొమ్మ ఉందన్నది కాదు, ఆకలిని అవకాశంగా తీసుకోవడం.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని సమరయుని ఉపమానాన్ని ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని మరొకసారి చదవండి. అతడు దారిలో దొంగలు కొట్టి పడేసిన ఒకని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకొని పూటకూళ్లవాని ఇంటికి చేర్చాడు, ఖర్చు పెట్టుకున్నాడు. యూదులకూ సమరయులకూ ఏ కొండ మీద ఆరాధించాలన్న దగ్గరే తగాదా ఉన్నా, ఆ సంగతి అతడు గాయపడినవాని దగ్గర ఎత్తినట్లు కథలో ఎక్కడా లేదు. ఆ మనిషి కృతజ్ఞత చెప్పినట్లు కూడా ప్రభువు చెప్పలేదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడిన సంఘటనలో తొమ్మిదిమంది తిరిగి రాలేదు. ప్రభువు వారి విషయమై అడిగాడే గాని, వారికి కలిగిన స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

మీ పెద్దలకు చూపించదగినది యోహాను సువార్త 6వ అధ్యాయం. అయిదు వేలమంది పురుషులున్న సమూహానికి ప్రభువు కడుపునిండా పెట్టాడు. మీరు నన్ను వెదకుతున్నది రొట్టెలు తిని తృప్తిపొందినందుకే అని నిర్మొహమాటంగా చెప్పిన మాట మరునాడు సరస్సు అవతల, కపెర్నహూములో వచ్చింది. సత్యం చెప్పడానికి ఆయన వెనుకాడలేదు, కాని రొట్టెను ఆ మాటకు తాకట్టు పెట్టలేదు.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. 1876–78 నాటి కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, తిండిలేక వచ్చిన వేలాది మందికి పనీ కూలీ ఇప్పించారు. (చెన్నై మైలాపూరులో ఎం.ఆర్.టి.ఎస్. రైలుమార్గపు స్తంభాల మధ్య నల్లగా పారుతుంటే మనం ముక్కు మూసుకొని దాటిపోతున్నది ఆ కాలువనే.) ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని ఎందరు వచ్చి అడిగినా, సహాయం పంచడం ముగిసేదాకా ఆయన ఇవ్వలేదు. కూలి కోసం వచ్చినవారెవరో విశ్వసించి వచ్చినవారెవరో అప్పుడు ఎవరూ తేల్చలేరని ఆయనకు తెలుసు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రసంగాలలో ఈ అంకెనే పదేపదే వింటాం. నా దృష్టిలో దానికంటే పెద్ద సంగతి, చేతిలో కూలి డబ్బు ఉన్నన్నాళ్లూ ఆయన ఆ అంకెను ఆశించకపోవడం.

ఇక మీ వీధి సంగతి. మోకాలిలోతు నీళ్లలో పిల్లను చంకనెత్తుకొని నిలబడిన తల్లి, చేయించే ప్రార్థనకు కళ్లు మూసుకున్నా, ఆమె మనసంతా పొట్లాలు తన దాకా మిగులుతాయా లేదా అన్న లెక్కలోనే ఉంటుంది. అటువంటి ప్రార్థన ఆమెకూ మేలు చేయదు, మన ప్రభువుకూ మర్యాద కాదు. పొట్లం చేతికిచ్చి, ఇంట్లో ఇంకా ఎవరున్నారని అడగండి. ఏ ముసలాయన షుగరు మాత్రలు తడిసిపోయాయో, ఏ పసిబిడ్డకు పాలపొడి లేదో, ఏ ఇంటికి తాగునీటి క్యాను కావాలో అప్పుడే తెలుస్తుంది. మీరెవరు, ఎందుకు చేస్తున్నారని వారు అడిగితే, పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెప్పినట్లు సాత్వికంతో సమాధానం చెప్పండి. కరపత్రాలు కావాలన్నవారికి ఇవ్వడానికి ఒకరి సంచిలో ఉంటే చాలు. పొట్లం పుచ్చుకుంటున్నవారి ముఖాలను ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులలో పెట్టడం మాత్రం ఈ ఏడాదితోనే మానేయించండి. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని చదివే మనం దానిని ఊరంతటికీ పంపించుకుంటున్నాం.

ప్రశ్న: చెన్నై ఓఎంఆర్ రోడ్డులోని ఒక కంపెనీలో నాతో పనిచేసే ఒకాయన నా గురించి పైవారికి చాడీలు చెప్పి నాకు రావలసిన ప్రమోషన్ పోగొట్టాడు. ఆయన మీద నాకు ఏ ప్రేమా కలగడం లేదు. ప్రేమ లేకుండానే మంచిగా ఉంటే అది వేషధారణ కాదా? – ఒక యువకుడు, షోళింగనల్లూరు

జవాబు: కాదు. నిర్గమకాండము 23వ అధ్యాయంలో, నీ పగవాని గాడిద బరువు కింద పడి ఉంటే, తప్పించుకొని పోవాలని నీకు అనిపించినా సరే, అతనితో కలిసి దానిని విడిపించమన్న ఆజ్ఞ ఉంది. ఆ అయిష్టతను లేఖనమే ఒప్పుకుంటున్నప్పుడు మీరు దాచవలసిన పని లేదు. ముఖాన నవ్వుతూ వెనుక గొయ్యి తవ్వడం వేషధారణ అవుతుంది గాని, కోపం చల్లారకముందే న్యాయంగా నడుచుకోవడం కాదు. ఆయన సెలవులో ఉన్నరోజు ఆయన పని ఆగిపోతే చేసిపెట్టండి, ఆయన గురించి నలుగురూ ఆడిపోసుకునేచోట కూర్చోకండి. జరిగిన అన్యాయాన్ని మాత్రం తగిన అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. ప్రేమ పేరు చెప్పి దానిని మింగి ఊరుకోమని నేను చెప్పను.

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్లు దాటింది. నేను ఉద్యోగానికి వెళ్లాలి, మావారికి షిఫ్టులు. పగటిపూట చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టుకున్నాం. స్త్రీల సమాజంలో కొందరు, "సొంత మనుషులు చేయవలసిన సేవను డబ్బిచ్చి చేయిస్తే ప్రేమ ఎక్కడుంది?" అంటున్నారు. నాకు చాలా బాధగా ఉంది. – ఒక సహోదరి, పెరంబూరు

జవాబు: అమ్మా, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే మంచం పుండ్లు పడతాయని, గంజి గొంతులో అడ్డుపడకుండా తల ఎత్తిపెట్టి చెంచాతో పోయాలని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ పని ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదని, అది చేసినవారికి తెలిసినట్లు మాట అన్నవారికి తెలియదు.

పైన చెప్పిన సమరయుడే ఇక్కడ మీ పక్షాన నిలబడతాడు. ఆ రాత్రి అతడే స్వయంగా పరామర్శించాడు. మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారాలు, అంటే ఆనాటి రెండు రోజుల కూలి, చేతిలో పెట్టి, ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన తాను వెళ్లాడు. ప్రభువు మెచ్చుకున్న ప్రేమలో డబ్బిచ్చి అప్పగించడమూ ఉంది, మళ్లీ వచ్చి చూస్తానన్న మాటా ఉంది. ఆ రెండవది మీరు ప్రతి సాయంకాలం నెరవేరుస్తూనే ఉన్నారు. సిలువ మీద ఉండి ప్రభువు తన తల్లిని ప్రియశిష్యునికి అప్పగించాడు, అది ప్రేమ తక్కువై చేసిన పని కాదు గదా. ఆయన గద్దించింది దేవునికి అర్పితమన్న సాకుతో తల్లిదండ్రులకు చేయవలసింది ఎగవేసినవారిని. మీ ఇంట్లో ఎగవేత ఏమీ నాకు కనబడలేదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు రోజూ పంచే ఆహారంలో లోటు జరిగినప్పుడు సంఘం ఎవరినీ మందలించి ఊరుకోలేదు, ఏడుగురిని ఏర్పరచి ఆ పని చేయించింది. కాబట్టి మీతో ఆ మాట అన్న సహోదరీలను, వంతులవారీగా శనివారం మధ్యాహ్నాలు వచ్చి మీ అత్తగారి దగ్గర కూర్చోగలరేమో అడగండి. అడగడంలో ఎత్తిపొడుపు ఉండకూడదు, నిజంగానే పిలవాలి. ఇద్దరైనా వస్తారనే నా నమ్మకం.

మీ ఉత్తరంలో ఆయమ్మ గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆమెకు నెల మొదటి తేదీన జీతం అందుతోందా, మధ్యాహ్నం కూర్చొని తినే వీలుందా, వారానికి ఒకరోజు సెలవు దొరుకుతోందా అన్నవి మీరూ మీవారూ కలిసి ఒకసారి చూసుకోండి. ఆమె మీ ఇంటి బరువులో సగం మోస్తోంది, ఆమె ఇంట్లోనూ ఎవరో ఒక ముసలివారు ఉండే ఉంటారు.