చెన్నైలో మా పిల్లల్ని ఆర్ట్ గ్యాలరీలకు తీసుకెళ్లాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మీరు అడిగింది రెండు సంగతులు. ఆదివారాలు మీ దగ్గరికి వచ్చే 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ఏయే చోట్లు చూపించాలి, అరగంటకే ఫోన్లు బయటికి తీయకుండా ఏం చెయ్యాలి అని. నార్త్ మద్రాసులో ఇలాంటి బృందంతోనే నేను ఆరేళ్లుగా ఉన్నాను. మా పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో తెలుగే. తాతల కాలంలో పారిశుద్ధ్య పనికో, హార్బరు పనికో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి ఒక ప్రైవేటు గ్యాలరీకి 18 మందిని వెంటబెట్టుకుని, ముందుగా ఒక్క ఫోన్ కూడా చెయ్యకుండా వెళ్లాను. టికెట్ లేదు కదా, ఎవరైనా వెళ్లొచ్చు అనుకున్నాను. లోపల ఒకాయన మా వాళ్ల వెనకే తిరిగాడు. చేతులు కట్టుకుని నడవమన్నాడు. అదే సమయానికి వచ్చిన ఇంకో కుటుంబాన్ని మాత్రం ఏమీ అనలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి నా పక్కకు వచ్చి, "అక్కా, మనం ఇక్కడికి రాకూడదా?" అని మెల్లగా అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. బొమ్మలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఇది మనలాంటి వాళ్లు వచ్చే చోటు కాదు అనుకుంటూ మాత్రం ఏ పిల్లా బయటికి రాకూడదు. అప్పట్నుంచి నేను చేసే ఏర్పాట్లన్నీ దాన్ని బట్టే.

అందుకే తలుపులు, కాపలా ఏమీ లేని చోట మొదలుపెట్టండి. మెరీనా బీచిలో పిల్లలందరూ వంద సార్లు చూసిన ఉళైప్పాళర్ సిలై (శ్రామికుల విగ్రహం) ఉంది కదా, నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తున్న విగ్రహం. దాన్ని చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి బెంగాలీ. 1929 నుంచి మద్రాసు ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు, ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. విగ్రహం 1959లో పెట్టారు. నేను ఇవేమీ ముందు చెప్పను. ఆ నలుగురిలాగా నిలబడి చూడమంటాను. కోయంబేడులో మూటలు మోసే ఆయన కొడుకు ఒకడు చాలాసేపు చూసి, "మా నాయన మూట ఎత్తేటప్పుడు కాలు ఇట్టే పెడతాడు అక్కా" అన్నాడు. మిగతా వాళ్లంతా మళ్లీ వెళ్లి ఆ కాళ్లు చూశారు.

తర్వాత ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. పార్క్ స్టేషన్లో లోకల్ ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మోర్, అక్కణ్ణుంచి నడిచిపోవచ్చు. 1851లో పుట్టిన మ్యూజియం, ఒక్కరోజులో అంతా చూపించాలని మాత్రం ఆశపడకండి. మేము ఒక పూటకు ఒక్క గదే చూస్తాం. తెలుగు పిల్లలుంటే ఆ గది అమరావతి శిల్పాలదే కావాలి.

నలగిరి అనే మదమెక్కిన ఏనుగును బుద్ధుడు శాంతపరిచిన కథ ఒక గుండ్రటి పలకలో చెక్కి ఉంటుంది. దాని ముందు పిల్లల్ని కింద కూర్చోబెట్టి, "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడిగాను. ఎవరేం చెప్పినా "ఏది చూసి అట్లా అనిపించింది?" అని మళ్లీ అడగడం, అంతే నా పని. ఐదు నిమిషాలు ఎవరూ పలకలేదు. ఆ మౌనానికి కంగారుపడి మీరు ఉపన్యాసం మొదలుపెట్టకండి, అక్కడే చాలామంది చెడగొట్టేస్తారు. చివరికి ఒకడు, "అక్కా, ఏనుగు రెండుసార్లు ఉంది" అన్నాడు. ఒకవైపు జనం మీద పడుతూ, ఇంకోవైపు మోకరిల్లి. అంతే, ఒక్కొక్కరూ కనిపెట్టడం మొదలుపెట్టారు. భయంతో పక్కవాణ్ణి పట్టుకున్న ఆడమనిషి, మేడ మీంచి తొంగిచూసే వాళ్లు. "మా వీధిలో గొడవైనా ఇట్టే చూస్తారు!" అంది ఒక పిల్ల.

అప్పుడు చెప్పాను: ఇది గుంటూరు వైపు, కృష్ణ ఒడ్డున, దాదాపు 1,800 ఏళ్ల కిందట మన వాళ్లు చెక్కిన సున్నపురాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, వాటిలో చాలా 1859లో లండన్‌కు తరలిపోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. "అడిగితే తిరిగి ఇస్తారా?" అన్నారు. తిరుగు రైల్లో అంతా అదే వాదన.

మూడో విడతకు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలో ఉన్న చోళమండలం, కళాకారుల ఊరు. "బొమ్మలేస్తే కూడు పెడుతుందా?" అని పిల్లల ఇళ్లల్లో అడిగే ప్రశ్నకు అక్కడ ఒక నిజమైన జవాబుంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు బాటిక్‌లు (మైనం పూసి రంగులద్దిన బట్టలు), చేతిపనులు అమ్మిన డబ్బుతో స్థలం కొని కట్టుకున్న ఊరు అది. పణికర్ బొమ్మల్లో అక్షరాలు, జాతకచక్రాల్లాంటి గీతలు ఉంటాయి. చదవడం రాని పిల్లలు వాటి ముందు భయపడరు, ఎందుకంటే అవి ఎవరికీ చదవడానికి రావు. ఓపికుంటే అదే దారిలో ముట్టుకాడులో దక్షిణాది పాత ఇళ్లను చూపించే మ్యూజియం దక్షిణచిత్రకు వెళ్లండి, మంగళవారం సెలవు. అక్కడ కోస్తా చుట్టిల్లు ఉంది. ఒకమ్మాయి వాళ్ల అవ్వతో వీడియో కాల్ చేసి చూపిస్తే, అవ్వ ఫోన్ వదలనే లేదు.

ఇక చిన్న విషయాలు. 12 మందికి మించొద్దు, ముగ్గురు పెద్దవాళ్లుండాలి. ప్రతి ఒక్కరికీ చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి, పెన్నులు వద్దు. గదిలో తనకు నచ్చిన ఒక్కదాన్ని ఎంచుకుని పది నిమిషాలు గీయాలి, బాగా వచ్చిందా లేదా అని ఎవరూ చూడరు. ఫోన్లు లాక్కోకండి, గీసేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. ప్రైవేటు గ్యాలరీకి వెళ్లాలనుకుంటే మాత్రం వారం ముందు మీరు ఒక్కరే వెళ్లి అక్కడి మనిషితో మాట్లాడండి. ఈ వయసు పిల్లలు వస్తారు, వాళ్లకు మీరే రెండు మాటలు చెప్తారా అని అడగండి. ముఖం ముడుచుకుంటే ఆ చోటు వదిలెయ్యండి. సరే అంటే, గుమ్మం దగ్గర ఆయనే నిలబడి పిల్లల్ని లోపలికి రమ్మనేలా చూసుకోండి.