"మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందండీ!" అంటూ వచ్చే ఫోన్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకని ప్రింటర్లు, పాస్‌వర్డుల ప్రశ్నలు పక్కన పెట్టి, శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు కావాలనే వేయలేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఒకతను ఫోన్ చేసి, "మీ కంప్యూటర్ నుంచి మా సర్వర్‌కి ఎర్రర్ రిపోర్టులు వస్తున్నాయి" అన్నాడు. నేను నమ్మలేదు. అయితే మీరే చూసుకోండి అని ఏవో కీలు నొక్కించి ఒక పట్టిక తెరిపించాడు. అందులో నిజంగానే ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు వందల్లో ఉన్నాయి. డబ్బు మాట ఎత్తగానే ఫోన్ పెట్టేశాను. అతన్ని కంప్యూటర్‌లోకి రానివ్వలేదు, ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు. కానీ ఆ ఎర్రర్లు నా కళ్లతో నేను చూశాను కదా, అవి అబద్ధం కావుగా? అప్పటి నుంచి కంప్యూటర్ ఆన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉంది.

అబద్ధం కావు మాస్టారూ, అవి నిజమైన ఎర్రర్లే. అతను వాటికి చెప్పిన అర్థమే అబద్ధం.

మీ చేత తెరిపించింది ఈవెంట్ వ్యూయర్. విండోస్ కీ, 'ఆర్' కలిపి నొక్కమని, ఆ వచ్చిన చిన్న పెట్టెలో "ఇ ఫర్ ఎలిఫెంట్, వి ఫర్ విక్టర్" అంటూ ఒక్కో అక్షరం టైపు చేయించి ఉంటాడు. విండోస్ తన లోపల జరిగే ప్రతి చిన్న సంగతినీ రాసిపెట్టుకునే చిట్టా అది. ఒక ప్రోగ్రాం కాస్త ఆలస్యంగా మొదలైనా, నెట్ ఓసారి తెగి మళ్లీ వచ్చినా, ప్రింటర్ పలక్కపోయినా అందులో ఒక వరుస పడుతుంది. 'డిస్ట్రిబ్యూటెడ్‌కామ్' పేరుతో 10016 నంబరున్న ఎర్రర్లు చాలా కంప్యూటర్లలో కుప్పలుగా ఉంటాయి. వాటిని పట్టించుకోనక్కర్లేదని స్వయంగా మైక్రోసాఫ్టే చెబుతోంది. ఈ జవాబు రాస్తూ నా కంప్యూటర్‌లోనూ తెరిచి చూశాను. మీకంటే నాకే ఎక్కువ ఉండొచ్చు. హాయిగా పనిచేస్తోంది.

మీరు ఇంకాసేపు లైన్లో ఉండి ఉంటే మరో రెండు విద్యలు చూపించేవాడు. నల్లటి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ట్రీ' అని కొట్టిస్తారు. తెర మీద ఫోల్డర్ల పేర్లు జలజలా పరుగెడతాయి. "స్కాన్ జరుగుతోంది, చూస్తున్నారా?" అంటారు. నిజానికి ఆ కమాండ్‌కి ఫోల్డర్ల పేర్లు వరసగా చూపించడం తప్ప ఇంకే పనీ రాదు. అప్పటికే మీ కంప్యూటర్ అతని చేతిలో ఉంటే, ఆ పేర్లు పరుగెడుతుండగానే "వైరస్ దొరికింది, లైసెన్స్ ముగిసింది" అని గబగబా టైపు చేసేస్తాడు. పరుగు ఆగగానే అతను కొట్టిన అక్షరాలు కింద ప్రత్యక్షమవుతాయి. చూసేవాళ్లకి కంప్యూటరే చెప్పినట్టు ఉంటుంది!

రెండోది, 'అసోక్' అనే కమాండ్. ఏ రకం ఫైలు ఏ ప్రోగ్రాంతో తెరుచుకోవాలో చూపించే జాబితా అది. దాని చివర్లో 888తో మొదలయ్యే పొడవాటి నంబరు ఒకటి ఉంటుంది. "ఇది మీ కంప్యూటర్‌కి మాత్రమే ఉండే రహస్య నంబరు, నేను చదువుతాను, సరిపోతుందో లేదో చూడండి" అంటాడు. సరిపోతుంది. ఎందుకు సరిపోదు? అది జిప్ ఫోల్డర్లకు సంబంధించిన నంబరు, మీ విండోస్‌లోనూ నా విండోస్‌లోనూ అదే ఉంటుంది. చదువుకున్నవాళ్లు కూడా ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. అతని మాటని కాదు, తాము స్వయంగా సరిచూసుకున్న దాన్ని నమ్ముతారు మరి.

మీరు అడగని మాట ఒకటి చెప్పనివ్వండి. డబ్బు మాట వచ్చేదాకా మీరు ఆగారు. అంతసేపు అక్కర్లేదు. మీరు అడగకుండా మీ కంప్యూటర్ బాగుచేస్తామని మైక్రోసాఫ్ట్ ఎవరికీ ఫోన్ చేయదు. కాబట్టి "మైక్రోసాఫ్ట్ నుంచి" అన్న దగ్గరే పెట్టేయొచ్చు. ఎదుటివాడు మాట్లాడుతుండగా పెట్టేస్తే బాగుండదనే మన మొహమాటమే వాళ్లకి అక్కరకొస్తుంది. మీరు కంప్యూటర్‌లోకి అతన్ని రానివ్వలేదు, ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు అంటున్నారు కాబట్టి ఏమీ కాలేదు. నిశ్చింతగా ఆన్ చేసుకోండి.

ప్రశ్న: మా అమ్మ ఎప్పుడో ఒక "కంప్యూటర్ రక్షణ సేవ"కి డబ్బు కట్టిందట. ఇప్పుడు "కంపెనీ మూసేస్తున్నాం, మీ డబ్బు వాపసు ఇస్తాం" అని ఫోన్ వచ్చింది. వాళ్లు చెప్పిన యాప్ వేసి, కంప్యూటర్‌లోకి రానిచ్చి, బ్యాంకు సైటులో లాగిన్ అయింది. వాపసు మొత్తం అమ్మ చేతే టైపు చేయించారు. ఒక సున్నా ఎక్కువ పడి పెద్ద మొత్తం వచ్చేసిందట. బ్యాలెన్స్ పెరగడం తను చూశానంటోంది. అవతలివాడు "నా ఉద్యోగం పోతుందమ్మా" అని ఏడ్చి, ఎక్కువ వచ్చినదాన్ని గిఫ్ట్ కార్డులుగా కొని నంబర్లు చదవమన్నాడు. బయల్దేరుతుంటే నేను చూసి ఆపాను. "పాపం, వాడి డబ్బు మన దగ్గర ఉండిపోయింది" అని అమ్మ ఇంకా బాధపడుతోంది. ఇప్పుడేం చేయాలి?

ముందు అమ్మకి ఈ మాట చదివి వినిపించు తల్లీ: ఎవరి డబ్బూ మీ దగ్గర లేదు. ఒక్క పైసా కూడా రాలేదు.

మరి బ్యాలెన్స్ ఎలా పెరిగింది? దానికి రెండు దారులు. బ్యాంకు పేజీ తెరిచినప్పుడు మనం చూసేది మన బ్రౌజర్‌లోకి వచ్చిన ఒక ప్రతి మాత్రమే. మౌస్ కుడి బటన్ నొక్కి 'ఇన్‌స్పెక్ట్' అంటే, ఆ ప్రతిలోని ఏ అంకెనైనా చెరిపి మనకి నచ్చింది రాసుకోవచ్చు. బ్యాంకులో ఉన్న అసలు లెక్కకి ఏమీ కాదు, పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ పాత అంకె వచ్చేస్తుంది. "రిఫ్రెష్ చేయకండి, లాగౌట్ అవకండి" అని వాళ్లు పదే పదే అనేది అందుకే. అమ్మని అడుగు, అలా అన్నాడేమో. మధ్యలో కాసేపు తెర నల్లగా అయిపోయిందేమో కూడా అడుగు. ఆ తెర చాటునే ఇదంతా జరుగుతుంది. రెండో దారి: అమ్మకి రెండు ఖాతాలుంటే, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ఆమె డబ్బే మార్చి, మా దగ్గరి నుంచి వచ్చింది అని చూపిస్తారు. స్టేట్‌మెంట్ తీస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

ఆ సున్నా అమ్మ కొట్టింది కూడా కాకపోవచ్చు. కీబోర్డు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నప్పుడు ఎవరు ఏది కొట్టారో ఎవరికి తెలుస్తుంది?

ఇక చేయాల్సిన పనులు. ఆ కంప్యూటర్‌కి నెట్ ఇంకా ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అది తీసేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్ చేయండి. నంబరు ఇంటర్నెట్‌లో వెతకొద్దు, కార్డు వెనక ఉన్నదే వాడండి. జరిగింది దాచకుండా చెప్పి, నెట్ బ్యాంకింగ్ ఆపించి, కొత్త పాస్‌వర్డు పెట్టించుకోండి. ఖాతాలోంచి డబ్బు ఏమైనా కదిలి ఉంటే పోలీసుల సైబర్ విభాగానికి ఆ రోజే ఫిర్యాదు చేయండి. ఇలాంటి డబ్బు చకచకా చేతులు మారుతుంది, ఎంత తొందరపడితే అంత ఆపే అవకాశం ఉంటుంది.

బ్యాంకు తర్వాత ఈమెయిల్. చాలామంది దీన్ని మరిచిపోతారు. మిగతా పాస్‌వర్డులన్నీ మార్చుకునే లింకులు ఈమెయిల్‌కే వస్తాయి కాబట్టి, అది వాళ్ల చేతిలో ఉంటే మీరు ఎన్ని మార్చినా లాభం లేదు. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. అమ్మ మెయిళ్లు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అయ్యేలా సెట్టింగ్ ఏమైనా పెట్టారేమో కూడా చూడండి.

ఎక్కడో కూర్చుని మన కంప్యూటర్‌ని నడిపించే రిమోట్ యాప్‌లు, అంటే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్, స్క్రీన్‌కనెక్ట్ లాంటి పేర్లు, కంప్యూటర్‌లో ఉంటే తీసేయండి. ఒకటి దొరికిందని ఆగొద్దు, రెండోది చాటుగా వేసి వెళ్లేవాళ్లున్నారు. యాంటీవైరస్ "అంతా బాగుంది" అన్నా ధీమా పడొద్దు. నిజానికి ఇవన్నీ ఆఫీసుల్లో రోజూ వాడే మంచి సాఫ్ట్‌వేర్లే, యాంటీవైరస్ వాటిని దొంగలుగా చూడకపోవచ్చు. నన్నడిగితే ఫొటోలు, కాగితాలు పక్కకి కాపీ చేసుకుని, విండోస్ మొత్తం తుడిచి కొత్తగా వేయించడమే మేలు. ఒక పూట పని, మళ్లీ అనుమానం ఉండదు.

అతను మళ్లీ ఫోన్ చేస్తాడు. ఈసారి ఏడవడు, డబ్బు కాజేశావని కేసు పెడతానంటాడు. కొన్నాళ్లు తెలియని నంబర్లు అమ్మని ఎత్తొద్దనండి. ఇంట్లో ఎవరూ ఆమెని "అంత మాత్రం తెలీదా" అనకండి. అలా అనిపించుకున్న చాలామంది, రెండోసారి మోసపోయినప్పుడు ఇంట్లో చెప్పనే చెప్పరు. గిఫ్ట్ కార్డులు ముందే కొని నంబర్లు చదివేసినవాళ్లు ఇది చదువుతుంటే, కార్డులూ రసీదులూ పారేయకుండా ఆ కార్డు కంపెనీకి వెంటనే ఫోన్ చేయండి. అందులో ఇంకా వాడనిది మిగిలి ఉంటే ఆపగలరు.

ప్రశ్న: వంటల సైటు చూస్తుంటే తెరంతా ఎర్రగా అయిపోయి, ఒక ఆడగొంతు "కంప్యూటర్ ఆపొద్దు, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని అరవడం మొదలుపెట్టింది. మూసే గుర్తే కనిపించలేదు. ప్లగ్ పీకేశాను. చెడిపోతుందా?

చెడిపోదు. ఈసారి ప్లగ్ దాకా వెళ్లకుండా ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి, చాలాసార్లు ఫుల్‌స్క్రీన్ పోయి మూసే గుర్తు బయటపడుతుంది. కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. యాపిల్ కంప్యూటర్ అయితే కమాండ్, ఆప్షన్, ఎస్కేప్. మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు తెరవమంటారా?" అని అడిగితే వద్దనండి, లేకపోతే ఆవిడ మళ్లీ వస్తుంది.

అది వైరస్ కాదు, ఒక వెబ్ పేజీ. పైగా మైక్రోసాఫ్ట్ అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనిపించిందంటే దొంగదే. ఆ తర్వాత కూడా తెర మూలన వైరస్ హెచ్చరికలు వస్తుంటే, ఎప్పుడో ఏదో సైటుకి నోటిఫికేషన్ల కోసం 'అలో' నొక్కి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి, మీరు గుర్తుపట్టని పేర్లన్నీ తీసేయండి.

ప్రశ్న: వాళ్లకి నా పేరు, నా ల్యాప్‌టాప్ కంపెనీ, మోడల్ అన్నీ తెలుసు. ఫోన్‌లో కంపెనీ పేరు కూడా వచ్చింది. ఇంక నమ్మకుండా ఎలా ఉంటారు?

ఏదో ఒక కంపెనీ నుంచి కస్టమర్ల వివరాలు బయటికి పొక్కుతూనే ఉంటాయి, అవి అమ్ముడవుతూనే ఉంటాయి. మీ మోడల్ తెలిసినంత మాత్రాన అతను ఆ కంపెనీ మనిషి అయిపోడు. ఫోన్ తెర మీద కనిపించే నంబరునీ పేరునీ కూడా మార్చి పంపొచ్చు. నిజమేనేమో అనిపిస్తే పెట్టేసి, కంపెనీ అసలు సైటులోనో యాప్‌లోనో ఉన్న నంబరుకి మీరే చేయండి. అతను ఇచ్చిన నంబరుకి మాత్రం కాదు.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది: మనమే వాళ్లకి ఫోన్ చేయడం. ప్రింటర్ పనిచేయక "కస్టమర్ కేర్ నంబర్" అని వెతుకుతాం, పైన ప్రకటనగా వచ్చిన నంబరు నొక్కేస్తాం. అవతల ఉన్నది దొంగ. మనమే చేశాం కాబట్టి అనుమానమే రాదు. రిపేరుకని నా దగ్గరికి వచ్చే మోసపోయినవాళ్లలో ఇలా వెతుక్కుని చేసినవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. వాళ్ల టైమ్ వేస్ట్ చేయాలని సరదాగా గంటసేపు ఆడిస్తే తప్పేంటి?

తప్పేం లేదు, లాభమూ లేదు. ఈ నంబరు ఎత్తుతారు, మాట్లాడతారు అని వాళ్ల జాబితాలో నీ పేరు పక్కన ఓ టిక్కు పడుతుంది, అంతే. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టి ఆడించే నిపుణులున్నారు, అది వాళ్ల వృత్తి. నువ్వు ఆ గంట మీ తాతయ్య ఫోన్‌లో తెలియని రిమోట్ యాప్‌లేమైనా ఉన్నాయేమో చూడు. ఫోన్ తెర అవతలివాడికి కనిపిస్తుంటే, వచ్చే ఓటీపీలు కూడా కనిపిస్తాయి.

ప్రశ్న: రెండేళ్ల కిందట ఇలాగే కొంత పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఒక లాయర్ ఫోన్ చేసి, దొంగలు దొరికారు, మీ డబ్బు సిద్ధంగా ఉంది, ప్రాసెసింగ్ ఫీజు కడితే చాలంటున్నాడు. పోయిన మొత్తం ఎంతో పైసలతో సహా చెప్పాడు.

కట్టకండి. ఆ లెక్క అంత కచ్చితంగా తెలిసేది మీకూ, మీ బ్యాంకుకీ, మీరు ఫిర్యాదు చేసి ఉంటే పోలీసులకీ, తీసుకున్నవాడికీ. మోసపోయినవాళ్ల జాబితాలు ఒక ముఠా నుంచి ఇంకో ముఠాకి అమ్ముడవుతాయి. అప్పుడు ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని నంబరు పట్టుకుని ఆ స్టేషన్‌కే వెళ్లి అడగండి. నిజంగా దొరికి ఉంటే అక్కడ తెలుస్తుంది, ముందుగా ఫీజు కట్టమని అక్కడ ఎవరూ అడగరు. ఇవ్వకపోయి ఉంటే ఇప్పుడైనా ఇవ్వండి, ఈ "లాయర్" నంబరు కూడా అందులో రాయండి.