ఆ రాత్రి ఏం చేశావో రాయి

సూర్యారావుపేట, విజయవాడ.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వన్‌టౌన్‌లోని పాత సామాన్ల కొట్టులో 2,500 రూపాయలకు కొన్న ఎలక్ట్రిక్ గిటారును ఇంట్లోనే బాగుచేసుకున్న సంగతి రాశావు. గిటారు తీగలు ఆనే బ్రిడ్జి మరలకు పట్టిన చిలుము నీ గోటికింద రెండు రోజులు పచ్చగా ఉండిపోయిందన్న వాక్యం బాగుంది. దాని తరువాతి వాక్యం దగ్గర మాత్రం కాగితాలు పక్కన పడేశాను: "ఆ రాత్రంతా కూర్చుని దానికి ప్రాణం పోశాను."

ఎలా పోశావు? వ్యాసంలో ఉండవలసినదంతా ఆ రాత్రిలోనే ఉండగా, దానిని ఒక్క వాక్యంతో దాటేసి, మిగిలిన మూడు పేజీలూ మీ నాన్నగారి జ్ఞాపకాలకూ కృష్ణ ఒడ్డున వెన్నెలకూ ఇచ్చావు. ఈమధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి రచనా ఏదో ఒక పాత వస్తువును పట్టుకుని నేరుగా నాన్న దగ్గరికే వెళుతున్నది. ఆ వస్తువును విప్పి చూసినవాడు ఒక్కడూ కనబడడం లేదు.

నీ వ్యాసం వచ్చాక మా మనవడి గిటారు వెనక పలక విప్పించి చూశాను. వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగర, లోపలి కార్బన్ పట్టీ మీద చేరిన దుమ్ముదట. లోపలి వైర్లను అతికిన టంకం మసిబారి ఉండకట్టి ఉంటే అది లోహాన్ని పట్టుకోలేదని అర్థం. ముందు లోహాన్ని వేడిచేసి, ఆ వేడికే టంకం కరిగి పరుచుకునేలా పెట్టాలి. ఇవన్నీ నీ చేతులకు తెలుసు, నీ వ్యాసానికి తెలియలేదు.

మా అక్కయ్య వీణ నూజివీడులో చేసినది. స్వరం తేడా వస్తే మేళం కట్టే ఆయన, అంటే మెట్లు అమర్చే ఆయన, మా ఇంటికి వచ్చి, మెట్లను పట్టి ఉంచే మైనాన్ని మెత్తబరిచి, 24 మెట్లనూ ఒక్కొక్కటిగా వెంట్రుకవాసి జరిపి, మీటి, చెవి ఒగ్గి విని, మళ్లీ జరిపేవాడు. గిటారులో మెట్లు చెక్కలోకి దిగగొట్టి ఉంటాయి కనుక జరగవు; జరిగేది బ్రిడ్జి మీద తీగ ఆనుకునే చిన్న దిమ్మె. 12వ మెట్టుకు సరిగ్గా పైన వేలు ఆనీ ఆనకుండా మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటి కావాలి. నొక్కినప్పుడు స్వరం హెచ్చితే దిమ్మెను వెనక్కి జరిపి, తీగను మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ వినాలి. ఆరు తీగలకూ ఇదే పని. నువ్వేమో "తీగలు బిగించగానే పలికింది" అన్నావు. పలకదు నాయనా.

1981లో గుంటూరు అరండల్‌పేటలో ఒక రేడియో మెకానిక్ పక్కన పదకొండు రోజులు కూర్చుని ఒక కథ రాశాను. టంకంలోని రోజిన్ జిగురు కాలి వచ్చే పొగ కళ్లలోకి రాకుండా, పెదవి చివరి నుంచి మెల్లగా పక్కకు ఊదుతూ ఆయన టంకం పెట్టే తీరు ఒక పేజీ వచ్చింది. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేజీ మొత్తం కొట్టేసి, పాఠకులకు కావలసింది హృదయమే గాని మెకానిజం కాదని ఉత్తరం రాసి, మిగిలినది అచ్చువేశారు. పత్రిక పట్టుకుని వెళితే మెకానిక్ శ్రద్ధగా చదివి, "ఇందులో నా కొట్టు లేదండీ" అన్నాడు. ఆ సంపాదకుణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు. ఆ మెకానిక్ హృదయం ఆ ఊదడంలోనే ఉంది.

ఏ పత్రికకు పంపాలనీ, పుస్తకంగా ఎప్పుడు వేయాలనీ అడిగావు. ముందు ఆ రాత్రిని రాయి. ఏ మర ముందు విప్పావు, ఏది విరిగింది, ఎన్ని గంటలకు మీ అమ్మగారు లేచి వచ్చి లైటు ఆర్పమన్నారు, మూడో తీగ ఎన్నిసార్లకు లొంగింది, అన్నీ రాసి పంపు. వెన్నెల పేజీలు నీ దగ్గరే ఉంచుకో.

ఆశీస్సులతో.