ఆ కన్నాలు విరిగినవి కావండి

మీ నాన్నగారు ట్యునీషియా నుంచి తెచ్చిన ఎర్రమట్టి దీపం పైభాగంలో రెండు కన్నాలున్నాయని, తెల్లటి పొర పోవడానికి చింతపండుతో తోమాలా అని అడిగారు కదా. దయచేసి తోమకండి! ఇత్తడి కుందులకైతే సరే, ఇక్కడ పులుపు ఆ పొరతోపాటు మట్టిలోని సున్నాన్నీ తినేస్తుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, చాలు. పొర సంగతి పాత మట్టి వస్తువులు బాగుచేసే నిపుణులకి వదిలేయండి.

కన్నాల గురించి టెన్షన్ వద్దు. నూనె పోసేది వాటిలోనే. వత్తికి ముక్కు దగ్గర వేరే కన్నం ఉంటుంది. క్రీ.శ. 4–6 శతాబ్దాల ఉత్తర ఆఫ్రికా దీపాల్లో ఇది మామూలే. పక్కనుంచి చూడండి, పై సగం, కింది సగం వేర్వేరు అచ్చుల్లో తీసి అతికించిన గీత కనిపించొచ్చు. ముక్కు చుట్టూ మసి ఉంటే దాన్నీ తుడవకండి, దీపం వెలిగించారనడానికి గుర్తు అదే.